రాణిగంజ్‌లో కొన్న బ్రేక్ డిస్కులు: బోల్టులు ఎక్కాయి, బండికి మాత్రం కుదరలేదు

కారు ముందు చక్రాల బ్రేక్ డిస్కులు అరిగిపోయాయి. కంపెనీ పార్టు కాకుండా బయటి బ్రాండుది ఒక జత సికింద్రాబాద్ రాణిగంజ్‌లో 2,900 రూపాయలకు కొన్నాను. 26 రోజులు వాడి తీసేశాను. ఐదుకు ఒకటి ఇస్తున్నాను, ఆ ఒక్కటీ షాపతను చివరికి డబ్బులు వెనక్కి ఇచ్చినందుకు.

బ్రాండు పేరూ షాపు పేరూ రాయడం లేదు. అదే సరుకును రంగు మార్చిన డబ్బాల్లో ఆ వీధిలోనే మూడు నాలుగు షాపుల్లో చూశాను. నేను ఒక పేరు రాస్తే మీరు ఆ పేరు తప్పించి పక్క డబ్బా కొనుక్కుంటారు, దానివల్ల ఎవరికీ లాభం లేదు. డిస్కు చేతిలో పట్టుకున్నప్పుడు ఏం చూడాలో తెలిస్తే ఏ షాపుకెళ్ళినా పనికొస్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది 2013 డీజిల్ హ్యాచ్‌బ్యాక్, 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. బండితో వచ్చిన డిస్కులే ఇన్నాళ్ళూ ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు డిస్కును రెండు వైపులా నొక్కిపట్టే ప్యాడ్లు మార్చడానికి మియాపూర్‌లో మా మెకానిక్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్తే, చక్రం విప్పగానే వేలితో అంచు తడిమి చూడమన్నాడు. ప్యాడ్ తగలని చోట పాత ఎత్తు అలాగే ఉండి, తగిలే చోటంతా దిగిపోయి, గోరు తట్టుకునేంత గట్టు ఏర్పడింది. ఈ డిస్కు కొత్తప్పుడు 20 మిల్లీమీటర్ల మందం, 18కి వస్తే మార్చేయాలని దాని మీదే అచ్చు వేసి ఉంటుంది. కొలిస్తే 18.2 వచ్చింది. లేత్ మీద ఫేసింగ్ చేయిస్తే, అంటే పైపొర గీకించి చదును చేయిస్తే, తక్కువలో అయిపోతుందని ఆఫీసులో ఇద్దరు చెప్పారు కానీ, ఉన్నదే 0.2 మిల్లీమీటరు, అది గీకేస్తే హద్దు దాటిపోతుంది. కాబట్టి మార్చాల్సిందే.

సర్వీస్ సెంటర్లో అడిగితే జత 5,400, లేబర్ వేరే అన్నారు. సగం ధరకు బయట దొరుకుతుందంటే ఎవరైనా ఒకసారి ఆలోచిస్తారు, నేనూ ఆలోచించాను. పైగా డిస్కు అంటే ఏముంది, గుండ్రటి ఇనుప పళ్ళెం, అందులో చెడిపోయేదేముందని అనుకున్నాను. సరిగ్గా ఇక్కడే తప్పాను.

రాణిగంజ్ తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బేరింగులు, బెల్టులు, పంపులు, ఆటో పార్టులు, అన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, బండి పెట్టే చోటు కోసమే అరగంట పోతుంది. కౌంటర్లో అతను మోడల్, సంవత్సరం అడిగి లోపల్నుంచి డబ్బా తెచ్చి పెట్టాడు. "కంపెనీకి సప్లై చేసేది వీళ్ళే సార్, డబ్బా ఒక్కటే వేరు" అన్నాడు. ఈ మాట మీకూ చెప్తారు. కార్ల కంపెనీలకు సప్లై చేసేవాళ్ళు సొంత డబ్బాలో బయట అమ్మడం నిజమే, అలాంటి మంచి డిస్కులూ ఉన్నాయి, కానీ ఆ మాట అన్నంత మాత్రాన చేతిలో ఉన్న డబ్బా అది అయిపోదు. డబ్బా మీద అచ్చు బ్రహ్మాండంగా ఉంది. డిస్కు మీద మాత్రం ఏమీ లేదు. కనీస మందం ఎంతో లేదు, బ్యాచ్ నంబరు లేదు, పోత పోసినవాళ్ళ గుర్తు లేదు. అప్పుడు నా కళ్ళకు అది లోపంగా కనిపించలేదు. బిల్లు వద్దంటే 300 తగ్గిస్తానన్నాడు, నేను బిల్లే కావాలన్నాను. ఆ కాగితమే తర్వాత నన్ను కాపాడింది.

బిగించే రోజే రెండు సంగతులు తేడాగా కనిపించాయి.

మొదటిది మధ్య బెజ్జం. డిస్కు మధ్యలో ఉండే పెద్ద బెజ్జం, చక్రాన్ని బిగించే హబ్ మీద ఉన్న గుండ్రటి మెట్టు మీద ఊపు లేకుండా కూర్చోవాలి, డిస్కును సరిగ్గా మధ్యలో నిలబెట్టేది అదే. కుడివైపు డిస్కు సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎడమవైపుది మాత్రం వదులు, చేత్తో పట్టి ఊపితే అటూ ఇటూ కదులుతోంది. వెర్నియర్ (వెడల్పు కచ్చితంగా కొలిచే పనిముట్టు) పెడితే పాత డిస్కు బెజ్జం 60.1 మిల్లీమీటర్లు, కొత్త ఎడమది 60.6. కుడిదాని బెజ్జంలో పెయింటు గడ్డ కట్టి ఉంది, దాని కింద మెషిన్ వదిలేసిన ఇనుప పొర అంచు కూడా తగులుతోంది. షెడ్డులో కుర్రాడు సుత్తి తీశాడు, భాయ్ వద్దని ఎమరీ పేపరుతో గీకించాడు. "ఏం కాదు సార్, నట్లు బిగిస్తే అదే కూర్చుంటది" అన్నాడు. నట్లు బిగిస్తే వదులు డిస్కు కదలదు, నిజమే, కానీ ఎక్కడ కదలకుండా ఆగిందన్నదే ప్రశ్న. మధ్యలో ఆగిందా, పావు మిల్లీమీటరు పక్కకు ఆగిందా? పక్కకు ఆగితే దాని బరువు ఒకవైపు తూగుతుంది, బ్రేకు వేయకపోయినా చక్రంలో సన్నగా వణుకు వస్తుంది. ఆ రోజు ఈ ప్రశ్న నేను గట్టిగా అడగలేదు.

రెండోది ఎత్తు. డిస్కును బల్ల మీద పెడితే మధ్యభాగం బోర్లించిన గిన్నెలా పైకి లేచి ఉంటుంది, ఆ గిన్నె లోతును బట్టి డిస్కు, ప్యాడ్లను పట్టి నొక్కే క్యాలిపర్‌లో సరిగ్గా మధ్యలో తిరుగుతుందా, లోపలికి జరిగి తిరుగుతుందా అన్నది తేలుతుంది. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పైన స్కేలు అడ్డంగా పెట్టి చూస్తే కంటికే తేడా తెలుస్తోంది. కొలిస్తే 1.1 మిల్లీమీటర్లు. బిగించాక డిస్కు వెనకాల ఉండే పల్చటి రేకు కవచానికి రాసుకుని కర్రుమని శబ్దం. భాయ్ స్క్రూడ్రైవరు దూర్చి రేకును వెనక్కి వంచాడు, శబ్దం పోయింది. రేకు వంచితే శబ్దం పోతుంది కానీ ఆ 1.1 ఎక్కడికీ పోదు. మా బండిలో క్యాలిపర్ పిన్నుల మీద జరిగే రకం కాబట్టి అది తనను తాను సర్దుకుని బ్రేకు పడింది. ఆ పిన్నులు కాస్త బిగుసుకుపోయిన పాత బండి అయితే లోపలి ప్యాడ్ ఒక్కటే త్వరగా అరిగిపోయేది.

ఇంతా జరిగి కూడా షెడ్డు బయటికి వచ్చి నాలుగుసార్లు బ్రేకు వేసి చూస్తే బాగానే ఉంది. మెత్తగా, నిశ్శబ్దంగా, పాతదానికంటే గట్టిగా పట్టుకుంది. రెండు వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఇలాంటి సరుకు గురించి ఆన్‌లైన్లో కనిపించే "సూపర్, పర్ఫెక్ట్ ఫిట్" రివ్యూల్లో చాలా వాటిని ఈ మొదటి వారంలోనే రాసి ఉంటారని నా నమ్మకం, నేనూ అప్పుడే రాసి ఉంటే అలాగే రాసేవాణ్ణి.

మూడో వారం నాన్నను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొస్తున్నాను. ఔటర్ రింగ్ రోడ్డు మీద 100 వేగంలో వచ్చి ఎగ్జిట్ దగ్గర వేగం తగ్గించడానికి మెల్లగా కాలు పెట్టాను. పెడల్ బూటు కింద కొట్టుకోవడం మొదలైంది. నాడి పట్టుకుంటే వేలికి తగిలినట్టు, కాకపోతే చాలా వేగంగా. అదే క్షణంలో స్టీరింగు కుడికీ ఎడమకీ ఊగుతోంది. ఇంకొంచెం గట్టిగా నొక్కితే ఇంకా ఎక్కువైంది, డాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను జారి కిందపడింది. నాన్న తలుపు పిడి పట్టుకుని "ఏమైందిరా, టైరు పోయిందా?" అన్నాడు. నేనూ టైరే అనుకున్నాను. పక్కకు ఆపి నాలుగు టైర్లూ చూశాను, బాగానే ఉన్నాయి. 40 కిందికి వచ్చేసరికి ఏమీ జరగనట్టే ఉంది. ఇంటికొచ్చే దాకా ప్రతి బ్రేకుకూ నా గుండె జారింది, పక్కన 68 ఏళ్ళ మనిషి కూర్చుని ఉన్నాడు మరి.

మర్నాడు భాయ్ దగ్గరికి వెళ్తే వీల్ బ్యాలెన్సింగ్ చేయించమన్నాడు. చేయించాను, 400 అయింది, ఏమీ మారలేదు. తర్వాత "వేడి మీద నీళ్ళు పడి డిస్కు వంగి ఉంటది సార్, గుంటలో పోనిచ్చారా" అన్నాడు. డిస్కు వంగిందన్న మాట మన దగ్గర అందరూ అంటారు. అసలు సంగతి తెలిసింది బాలానగర్‌లో.

మా బావ అక్కడ ఒక టూల్ రూమ్‌లో పనిచేస్తాడు, సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదువుకున్నాడు. వాళ్ళ పనంతా వందో వంతు మిల్లీమీటరుతోనే. ఆదివారం మాగ్నెట్ బేసు ఉన్న డయల్ గేజూ (ముల్లు కదలికతో ఊపు చూపించేది) మందం కొలిచే మైక్రోమీటరూ తెచ్చుకుని ఇంటికొచ్చాడు. అపార్టుమెంటు సెల్లార్‌లో బండిని జాకీ మీద లేపి చక్రం తీశాం. చక్రం తీస్తే డిస్కును పట్టి ఉంచేది ఉండదు కాబట్టి వాషర్లు వేసి నట్లు మళ్ళీ బిగించాడు. గేజు ముల్లును డిస్కు అంచుకు ఒక సెంటీమీటరు లోపల ఆనించి, సున్నా పెట్టి, డిస్కును చేత్తో మెల్లగా తిప్పమన్నాడు. ముల్లు సున్నా నుంచి బయల్దేరి 5, 8, 11, 14 దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. అంటే ఒక్క చుట్టులో డిస్కు ముఖం 0.14 మిల్లీమీటరు అటూ ఇటూ ఊగుతోంది. కుడివైపు 0.09. చాలా కార్ల వర్క్‌షాప్ మాన్యువళ్ళలో ఈ ఊపుకు ఇచ్చే హద్దు 0.05 నుంచి 0.10 మధ్య ఉంటుందని బావ చెప్పాడు.

తప్పు డిస్కుదా, హబ్‌దా? బావ అక్కడితో ఆగకపోవడం నాకు చాలా నచ్చింది. కొత్త డిస్కు తీసి హబ్ ముఖం మీదే గేజు పెడితే 0.02. నేను పారేయకుండా ఉంచిన పాత డిస్కు ఎక్కించి చూస్తే 0.04. లక్ష కిలోమీటర్లు దాటిన డిస్కు 0.04 చూపిస్తుంటే, 26 రోజుల డిస్కు 0.14. ఇంకా అనుమానం ఎందుకని కొత్తదాన్ని ఒక బోల్టు బెజ్జం పక్కకు తిప్పి మళ్ళీ బిగించి కొలిచాడు. ఎత్తుగా ఉన్న చోటు కూడా డిస్కుతో పాటే జరిగింది. ఇక వాదన లేదు. డిస్కును వెనక్కి తిప్పి గిన్నె లోపలివైపు టార్చి వేసి చూపించాడు. హబ్‌కు అతుక్కునే వలయం మీద సగం మేర మాత్రమే మెరుపు ఉంది, మిగతా సగంలో నల్ల పెయింటు కొత్తగా ఉన్నట్టే ఉంది. అంటే ఆ సగం హబ్‌కు తగలనే లేదు. ఆ వలయాన్నీ ప్యాడ్లు పట్టుకునే ముఖాన్నీ ఒకదానికొకటి సమాంతరంగా కోయలేదు.

మరి రెండు వారాలు ఎందుకు బాగుంది? ఈ ప్రశ్నకు జవాబు తెలిశాకే నాకు మొత్తం అర్థమైంది, షాపుల్లో "మొదట్లో బాగానే ఉందిగా, మీరే పాడు చేశారు" అనే మాట ఎంత తప్పో కూడా అర్థమైంది. ఊగే డిస్కు వల్ల మొదటి రోజు బ్రేకులో పెద్దగా ఏమీ తెలియదు, క్యాలిపర్ దాంతో పాటే అటూ ఇటూ జరుగుతుంది. అసలు నష్టం మనం బ్రేకు వేయనప్పుడు జరుగుతుంది. ఎత్తుగా ఉన్న చోటు ప్రతి చుట్టులో ఒకసారి వచ్చి ప్యాడ్‌ను రాసుకుంటుంది. మా టైరు కిలోమీటరుకు దాదాపు 550 చుట్లు తిరుగుతుంది, నేను 26 రోజుల్లో తిరిగింది 700 కిలోమీటర్లు, అంటే దాదాపు 3,85,000 సార్లు అదే చోటు ప్యాడ్‌ను రాసుకుంది. మెల్లమెల్లగా ఆ చోటు పల్చబడుతుంది, కొన్నిసార్లు ప్యాడ్ మసి అక్కడే అంటుకుని మందం పెరుగుతుంది. ఎటైనా డిస్కు మందం చుట్టూ ఒకేలా ఉండదు. అప్పుడు బ్రేకు వేస్తే మందమైన చోటు వచ్చినప్పుడల్లా ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది, ఆ దెబ్బ బ్రేకు ఆయిల్ గుండా పెడల్‌కు వస్తుంది. 90 వేగంలో చక్రం సెకనుకు 13, 14 సార్లు తిరుగుతుంది, నా కాలికి తగిలిన నాడి అదే. మైక్రోమీటరుతో ఎనిమిది చోట్ల మందం కొలిస్తే హెచ్చుతగ్గు 0.03. అంటే తల వెంట్రుక మందంలో సగం కూడా లేదు. ఆ మాత్రం తేడాకే స్టీరింగు ఊగుతుందంటే ముందు నమ్మలేదు, కానీ కాలి కింద కొట్టుకున్నది నేనే చూశాను కదా. వేడికి వంగిపోయిందని అందరూ అనుకునే డిస్కుల్లో చాలావాటికి జరిగేది నిజానికి ఇదే.

పోత కూడా బాగోలేదు. ముందు డిస్కులు రెండు పలకలు, మధ్యలో గాలి పోవడానికి రెక్కలు ఉండే రకం. పక్కనుంచి చూస్తే పాతదానిలో రెండు పలకలూ ఒకే మందం. కొత్తదానిలో బయటి పలక 5.8, లోపలి పలక 7.1. పోత పోసేటప్పుడు మధ్యలో పెట్టే ఇసుక దిమ్మ ఒకవైపుకు జరిగితే ఇలా అవుతుందంట. రెక్కల మధ్య టార్చి వేస్తే కాలిన ఇసుక పలుకులు అలాగే ఉన్నాయి. ఇది అందం సంగతి కాదు. 1,100 కిలోల కారు 100 వేగం నుంచి ఆగితే పుట్టే వేడితో లీటరు చన్నీళ్ళు మరిగిపోతాయి, ఇంకా మిగులుతుంది కూడా. అందులో ఎక్కువ భాగం నాలుగైదు సెకన్లలో ఈ రెండు ముందు డిస్కులే మింగాలి. ఒక పలక పల్చగా, ఒకటి మందంగా ఉంటే ఒకటి త్వరగా వేడెక్కుతుంది, రెండూ సమంగా సాగవు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇలాంటి డిస్కు మీద ప్రాణం పెట్టడం నాకు ఇష్టం లేదు.

కొన్న 26వ రోజు పాత డిస్కు, కొత్త జత, బిల్లు, వెర్నియర్ పట్టుకుని బావతో కలిసి రాణిగంజ్ వెళ్ళాను. కౌంటర్లో అతను ముందు అందరూ చెప్పేదే చెప్పాడు: "డిస్కులకు వారంటీ ఉండదు సార్, ఫిట్టింగులో తేడా అయింది, మెకానిక్‌ను అడగండి." బిల్లు కింద వాపసు లేదు, మార్పిడి లేదు అని అచ్చు వేసి ఉంది. బావ గొడవ పడలేదు. ఇదే బ్రాండు ఇంకో రెండు జతలు చూపించమన్నాడు, అతను కాదనకుండా డబ్బాలు తెరిచాడు, అది ఒప్పుకోవాలి. నాలుగు డిస్కుల బెజ్జాలూ కౌంటరు మీదే కొలిచాం: 60.2, 60.5, 60.1, 60.4. గిన్నె ఎత్తు మాత్రం నాలుగింటికీ ఒకేలా 1.1 తేడా.

ఈ రెండూ రెండు వేర్వేరు లోపాలు. ఎత్తు అన్నిటికీ ఒకేలా తప్పిందంటే అది కొలతలోనే తప్పు, బహుశా అవే బోల్టులున్న ఇంకో మోడల్ డిస్కునే మా మోడల్‌కు కూడా అని డబ్బా మీద రాసేశారు. అలాంటప్పుడు ఎన్ని డబ్బాలు మార్చినా కుదరదు. బెజ్జం ఒక్కోదానికి ఒక్కోలా ఉందంటే మెషినింగ్ దగ్గర చూసే మనిషి లేడు. ఇది అదృష్టం మీద ఆధారపడే సరుకు, మీ పక్కింటాయనకు బాగా కుదిరి మీకు కుదరకపోవచ్చు. అందుకే ఎవరైనా "నేను రెండేళ్ళుగా వాడుతున్నా, ఏమీ కాలేదు" అంటే వాళ్ళు అబద్ధం చెప్తున్నారని నేను అనను.

మార్చి ఇస్తానన్నాడు, వద్దన్నాను. డబ్బులు వెనక్కి ఇవ్వనన్నాడు. అప్పుడు చెప్పాను, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాయకపోతే 30 రోజుల లోపు లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోకపోవడం అనుచిత వ్యాపారమని, ఇవాళ 26వ రోజని, ఇక్కడి నుంచే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తానని. గొంతు పెంచలేదు. లోపల్నుంచి పెద్దాయన వచ్చి బిల్లు చూసి, పాత డిస్కునూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి స్కేలు ఆనించి చూసుకుని, 2,900 లెక్కపెట్టి ఇచ్చేశాడు. ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు, ఆయన ఆ డిస్కును తయారు చేయలేదు. కానీ ఒకసారి కొలిచి చూశాక కూడా ఆ సరుకు షెల్ఫులో ఉంచితే అది మాత్రం ఆయన బాధ్యతే.

వెనక్కి వచ్చింది డిస్కుల డబ్బే. వాటితో పాటు వేసిన కొత్త ప్యాడ్ల జత 1,600, వాటి మీద కూడా అదే తేడా అరుగుదల పడింది కాబట్టి మళ్ళీ మార్చాలి. లేబర్ రెండుసార్లు, అనవసరంగా చేయించిన బ్యాలెన్సింగ్ 400. కలిపి చూస్తే 2,500 మిగులుతుందని మొదలుపెట్టిన పని అంతకంటే ఎక్కువే తినేసింది.

ఈసారి కంపెనీ పార్టు తీసుకుని, బిగించే పద్ధతి కూడా మార్చాం. భాయ్‌కు ఎదురు చెప్పడానికి మొహమాటపడ్డాను కానీ బావ కొలతలు చూపించాక ఆయనే ఆసక్తిగా నేర్చుకున్నాడు, ఇప్పుడు షెడ్డులో సొంతంగా ఒక డయల్ గేజు పెట్టుకున్నాడు. ముందు హబ్ ముఖం మీద తుప్పంతా వైరు బ్రష్‌తో, ఎమరీతో తీశారు. అక్కడ చిన్న తుప్పు పొర ఉన్నా మంచి డిస్కు కూడా ఊగుతుంది, ఎందుకంటే మధ్యలో ఉన్న చిన్న ఎత్తు అంచుకు వచ్చేసరికి రెండింతలవుతుంది. కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసే నూనెను బ్రేక్ క్లీనర్‌తో రెండుసార్లు తుడిచారు. పిన్నులకు కొత్త గ్రీజు. నట్లు గాలి గన్నుతో కాకుండా టార్క్ రెంచితో, ఎదురెదురుగా, మాన్యువల్‌లో చెప్పినంతే బిగించారు. గన్నుతో ఒకవైపు ముందు లాగేస్తే డిస్కు వంకరగా కూర్చుంటుంది, మన షెడ్డుల్లో చాలాచోట్ల జరిగేది ఇదే. గేజు పెట్టి చూస్తే ఎడమ 0.03, కుడి 0.04. రేకు వంచాల్సిన పని పడలేదు, సుత్తి అవసరం రాలేదు, బెజ్జం చేత్తో నెడితే టక్కుమని కూర్చుంది. ఆ శబ్దం విన్నప్పుడు కలిగిన నిశ్చింత ఎలా చెప్పాలో తెలియదు.

తర్వాత ఉదయం ఆరింటికి కొల్లూరు వైపు ఔటర్ సర్వీసు రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, 60 నుంచి 20 దాకా మెల్లగా తగ్గించడం, పూర్తిగా ఆపకుండా మళ్ళీ వేగం పెంచడం, ఇలా పదిసార్లు చేసి, ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు తక్కువ వాడుతూ తిప్పి చల్లార్చాం. ప్యాడ్ పొర డిస్కు మీద చుట్టూ సమంగా పరుచుకోవడానికి ఇది. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా ఆపి కాలు నొక్కి ఉంచితే ప్యాడ్ కింది చోట మచ్చ పడుతుంది.

పోయిన నెల అందరం శ్రీశైలం వెళ్ళాం. మన్ననూరు దాటి అడవంతా బాగానే సాగింది, దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో నాకు లోపల టెన్షన్. రెండో గేరులో దిగుతూ, అవసరమైన చోట మాత్రమే బ్రేకు వేస్తూ వచ్చాను. పెడల్ ఒక్కసారి కూడా కొట్టుకోలేదు, వాసన రాలేదు, స్టీరింగు నిలకడగా ఉంది. కృష్ణ మీద వంతెన దగ్గర నాన్న నిద్రపోతున్నాడు. అది చూశాక నాకు ఇంక ఏ కొలతా అక్కర్లేదనిపించింది.

బయటి బ్రాండు కొనవద్దని నేను చెప్పడం లేదు. ఐరోపాలో విడిగా అమ్మే డిస్కులకు ఈసీఈ ఆర్90 అని ఒక నిబంధన ఉంది, ఆ గుర్తు ఉన్నవి, కనీస మందం అచ్చు వేసినవి, బ్యాచ్ నంబరు ఉన్నవి మన దగ్గరా దొరుకుతాయి, ధర కంపెనీ పార్టుకు కాస్త తక్కువ ఉంటుంది. మరీ సగానికి సగం ఉంటే మాత్రం ఆగి చూడండి. మంచి పేరున్న బ్రాండు అయినా స్టిక్కరూ క్యూఆర్ కోడూ సరిచూసుకోండి, డబ్బాలకు నకళ్ళు వస్తున్నాయి. బెజ్జాలు పొడిచి, గీతలు కోసి, ఎర్ర రంగు వేసి స్పోర్ట్స్ డిస్కులని అమ్మేవాటి జోలికి ఇంటి కారుకు అసలు వెళ్ళకండి, నాసి పోతలో ఆ బెజ్జాల దగ్గర్నుంచే పగుళ్ళు మొదలవుతాయి. పాత డిస్కు విప్పించి చేతిలో పట్టుకునే షాపుకు వెళ్ళండి, ఫోన్లో ఫొటో సరిపోదు. రెండూ పక్కపక్కన బోర్లించి పైన స్కేలు పెడితే ఎత్తు తేడా అర నిమిషంలో తెలిసిపోతుంది. బెజ్జానికి 300 రూపాయల ప్లాస్టిక్ వెర్నియర్ చాలు. ఊపు మాత్రం బండి మీద గేజు పెట్టి కొలిస్తేనే తెలుస్తుంది, బిగించిన రోజే అడగండి, మీ మెకానిక్ దగ్గర లేకపోతే బాలానగర్‌లో లేత్ పని చేసేవాళ్ళలో ఎవరి దగ్గరైనా ఉంటుంది. మెకానిక్ గ్రైండరు తీసి బెజ్జం పెద్దది చేస్తానంటే అక్కడే ఆపేయించి, డిస్కు డబ్బాలో పెట్టుకుని వచ్చేయండి. మనం చెయ్యి పెట్టిన వస్తువును షాపువాడు వెనక్కి తీసుకోడు.

ఇంకొక్క సంగతి. కొలతలు తీసేటప్పుడు బావ తెల్ల మార్కరుతో గిన్నె లోపలివైపు ఒకదాని మీద 0.14 అని, రెండోదాని మీద 0.09 అని రాశాడు, తిరిగిచ్చేటప్పుడు మేం వాటిని తుడవలేదు. రాణిగంజ్‌లో ఎక్కడైనా డబ్బా తెరిచినప్పుడు లోపల ఆ అంకెలు కనిపిస్తే, లేదా అక్కడ ఏదో తుడిచిన మరక ఉంటే, అవి మా బండి మీద నుంచి దిగినవే. కొనకండి.